వాడు లాగితే ఆగని బెల్టు

దెయ్యాల కబుర్లు మొదలైతే టీకి లేచిపోయే రకం నేను. ఇప్పటికీ దెయ్యాన్ని చూశానని చెప్పను. కళ్లారా చూసిందే చెబుతాను.

విశాఖ పోర్టు దగ్గర బొగ్గు మోసే బెల్టుకి కంట్రోల్ బోర్డులు ప్రోగ్రామ్ చేయడం నా పని. బోర్డులో మూడు చిప్పులు గొలుసుకట్టుగా ఉంటాయి. లాప్‌టాప్ నుంచి ఒకటే కేబుల్. ఒకదాని గుండా మరొకదానికి ప్రోగ్రామ్ వెళుతుంది. మూడోది ప్రాణాలు కాపాడేది. బెల్టు పక్కనున్న తాడు ఎవరు లాగినా బెల్టుని ఆపాలి. దాన్ని దాటేయమని సాఫ్ట్‌వేర్‌కి చెబితే మాత్రం చిప్పు ఉన్నా లేనట్టే, తాడు లాగినా బెల్టు ఆగదు.

మా అక్క మొగుడు, అప్పలరాజు బావ, ఆ బెల్టులో పడి చనిపోయాడు. అప్పుడు నేను సెలవులో ఉన్నాను. బెల్టు ఊరికే ఆగుతోందని మేనేజరే మూడో చిప్పుని దాటేయించాడని నా అనుమానం. పాత లాప్‌టాప్ మాయమైంది, రుజువు లేదు. వాడేమో సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసి, చిప్పుని ముట్టుకోలేదని, తాడు లాగకపోవడం బావ తప్పేనని విచారణలో చెప్పాడు. తాగి ఉంటాడేమోనని కూడా అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

చిప్పు బాగానే ఉందని అధికారుల ముందు నిరూపిస్తానని, కొత్త లాప్‌టాప్‌లో నా చేతే సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. పట్టపగలు. కేబుల్ తగిలించి స్కాన్ చేస్తే మూడు చిప్పులూ పలికాయి. దేన్నీ దాటేయకుండా ప్రోగ్రామ్ ఎక్కించి సరిచూశాను. మూడూ బాగున్నాయి. నా చేతులతోనే వాడిని గెలిపిస్తున్నానని ఏడుపొచ్చింది.

ఖాళీ బెల్టు తిరగడం మొదలైంది. పెందుర్తి నుంచి వచ్చిన అక్క ముందుకొచ్చింది.

"మా ఆయన తాడు లాగనేదన్నావు గదా. నువ్వు లాగు బాబూ, సూత్తాను."

మేనేజరు నవ్వుతూ లాగాడు. బెల్టు ఆగలేదు. మళ్లీ లాగాడు. రెండు చేతులతో తాడు పట్టుకుని వేలాడాడు. ముచ్చెమటలు పట్టాయి.

"మూడోది మళ్లీ ఎక్కించాం కదరా" అని నా మీద కేకలేశాడు.

"మళ్లీ అంటే? ముందు తీయించారా?" అన్నాడు ఒక అధికారి.

వాడు చటుక్కున తాడు వదిలేశాడు. అక్క వెళ్లి ఒంటి చేత్తో తాడు లాగింది. బెల్టు ఆగిపోయింది.

వాడి పాపం పండింది. ఉద్యోగం పోయింది, కేసు నడుస్తోంది. నాకు జాలి లేదు. బావ మీద పడిన నింద పోయింది, అది చాలు.

తర్వాత బోర్డు, వైర్లు, తాడు అన్నీ విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. ఎవరు లాగినా ఆగుతోంది. ఆ రోజు వాడి చేతికి ఎందుకు ఆగలేదో ఈనాటికీ నాకు తెలియదు.

అక్కని అడిగితే ఒకటే మాట అంటుంది.

"ఆ రోజు మీ బావ లాగితే ఆగినాదేటిరా?"