వీపుకి వేసిన దండ

నిన్న ఒంగోలు బస్టాండులో, నా వెనక బెంచీ మీద కూర్చున్న కాలేజీ పిల్లెవరో ఫోను క్లిక్కుమనిపించింది. అంతే, నా నడుము దానంతటదే నిటారుగా అయింది, గడ్డం కాస్త పైకి లేచింది. తీరా చూస్తే ఆ పిల్ల తీసుకుంది తన మొహాన్నే. నలభైకి దగ్గరపడిన ఆడదాన్ని, సంచీ ఒళ్లో పెట్టుకుని కొయ్యబొమ్మలా బిగుసుకుపోయి కూర్చున్నందుకు నా మీద నాకే చిరాకేసింది. ఆ చప్పుడు వింటే నాకు స్థిమితం ఉండదు. నాన్న పోయి రెండేళ్లవుతున్నా "కదలకే తల్లీ, ఒక్క క్షణం" అని ఆయన ఎక్కడి నుంచో అంటున్నట్టే ఉంటుంది.

సత్తెనపల్లిలో నాన్నకు పురుగుమందుల కొట్టు ఉండేది. పత్తికో మిరపకో తెగులొస్తే రైతులు ఆకులు తుంచి ప్లాస్టిక్ కవర్లో వేసుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు. పనికేం తక్కువ లేదు. అయినా రోజూ ఫొటోలు తీయందే ఆయనకు పొద్దు గడిచేది కాదు. మొదట్లో చిన్న డిజిటల్ కెమెరా, తర్వాత ఫోను. నేను జడ వేసుకుంటున్నా తీసేవాడు, తమ్ముడు పళ్లు తోముకుంటున్నా తీసేవాడు. అన్నం తింటూ తింటూ మధ్యలో ఎడమచేత్తో ఫోను అందుకునేవాడు.

"మీ ఫొటోల పిచ్చి తగలెయ్య! పాలు పొంగిపోతున్నాయి, పక్కకి జరగండీ" అని అమ్మ అరిస్తే, "పొంగనీవే, నాక్కావలసింది అదే" అనేవాడు. ఇంటర్ చదివే రోజుల్లో నాకు ఒళ్లు మండిపోయేది. "రోజూ అదే ఇల్లు, అవే మొహాలు. ఏం మారిందని తీస్తున్నావు నాన్నా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను. "ఏం మారిందో నాకూ తెలీదమ్మా. తెలీకుండా మారిపోతోందనే తీస్తున్నా" అన్నాడు. ఆ జవాబు నాకప్పుడు తలాతోకా లేనిదిగా తోచింది.

ఇంట్లోవాళ్ల వంతు అయ్యాక, కొట్టుకు బయలుదేరేముందు వాకిట్లో నిలబడి, చెయ్యి చాచి తన ఫొటో తాను తీసుకునేవాడు. నవ్వేవాడు కాదు. జ్వరమొచ్చినా మానేవాడు కాదు. ఆ వెంటనే నాయనమ్మ గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని వచ్చి ఆయనకు దిష్టి తీసి పొయ్యిలో పడేసేది. ఘాటు రాకపోతే అంత దిష్టి తగిలిందని ఆవిడ లెక్క. మిరపకాయల ఊళ్లో ఘాటు రాకుండా ఎలా ఉంటుంది? ఇల్లంతా దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తేవాళ్లం. పక్కింటివాళ్లకు మా ఇంటి దగ్గు వినిపిస్తే నాన్న కొట్టుకు వెళ్తున్నాడని అర్థం.

నాయనమ్మ భయానికి కారణముంది. నాన్న కంటే ముందు ఆవిడకో ఆడపిల్ల పుట్టింది. ముచ్చటపడి గుంటూరు తీసుకెళ్లి స్టూడియోలో ఫొటో తీయించారు. వారం తిరక్కుండా జ్వరమొచ్చి పిల్ల పోయింది. ఆ ఫొటో తెచ్చుకోవడానికి మళ్లీ ఎవరూ గుంటూరు వెళ్లలేదు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నాయనమ్మ ఆనాడే తీర్మానించుకుంది. "అది జ్వరంతో పోయిందమ్మా, ఫొటోతో కాదు" అని నాన్న ఎన్ని విధాల చెప్పినా, "నీకేం తెలుసురా, కన్నది నేను" అనేది. తన మొహం ఎప్పటికీ తీయనని కొడుకు చేత ఒట్టేయించుకుంది. వీపు, చేతులు మాత్రం తీసుకోనిచ్చింది.

మిరపకాయలు కోసిన రోజుల్లో కల్లంలో కూలి ఆడవాళ్లతో పాటు తనూ కూర్చుని తొడిమలు తీసేది. నాన్న చప్పుడు చేయకుండా వెనక నుంచి వెళ్లేవాడు.

"వెనక ఉన్నావా?" అని తల తిప్పకుండానే అడిగేది.

"ఉన్నానమ్మా."

"అక్కడే ఉండు."

ఆవిడ పోయినప్పుడు చిక్కంతా పెద్దకర్మ దగ్గర వచ్చింది. నలుగురూ వస్తారు, దండ వేయడానికి ఫొటో కావాలి. పింఛను ఆగిపోతుందంటే గత్యంతరం లేక ఆధార్ కార్డుకి ఒక్కసారి దిగింది నాయనమ్మ. దర్శిలో ఉండే బాబాయి ఆ బొమ్మనే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. కళ్లు పెద్దవి చేసి, పెదాలు బిగించి, ఎవరో కొట్టబోతున్నట్టు చూస్తోంది ఆవిడ అందులో.

నాన్న ఆ ఫ్రేమును గోడవైపు తిప్పేశాడు. "ఇది అమ్మ కాదురా, అమ్మ భయం. దీనికి నేను దండ వెయ్యలేను."

"వేలకి వేలు ఫొటోలు తీశావు అన్నయ్యా! కన్నతల్లి మొహం ఒక్కటి లేదా? నిద్రపోతున్నప్పుడైనా తీసుంటావు. ఉంటే బయటికి తియ్యి!" బాబాయి గొంతు వీధిలోకి వినిపించింది.

నేనూ అదే అనుకున్నాను. తీసి దాచే ఉంటాడని నమ్మాను, తీసి ఉంటే బాగుండునని కూడా కోరుకున్నాను. నాన్ననే అడిగాను. "నిద్రపోతుంటే పక్కన చాలాసార్లు నిలబడ్డానమ్మా. తీయలేదు."

"ఆయుష్షు తగ్గుతుందని నువ్వూ నమ్మావా?"

"నేను నమ్మలేదు. ఆవిడ నమ్మింది కదా."

పెద్దకర్మ దాకా ఆయన కాలు ఒకచోట నిలవలేదు. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉన్నాడు. ఆ రోజు పొద్దున్నే స్టూడియోకి వెళ్లి ఒక ఫొటో పెద్దది చేయించి తెచ్చాడు. అందులో నాయనమ్మ కల్లంలో కూర్చుని ఉంది. ముందు ఎర్రటి కాయల రాశి. మనకు కనిపించేది తెల్లటి ముడి, వంగిన వీపు, భుజం మీద చీర చెంగు. దానికే దండ వేశాడు. "వీపుకి దండేంటి అన్నయ్యా? నలుగురిలో తలెత్తుకోగలమా?" అని బాబాయి తల పట్టుకున్నాడు. నాకూ సిగ్గుగానే ఉంది. వచ్చేవాళ్ల కళ్లలోకి చూడలేక వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

వచ్చినవాళ్లు ఫొటో చూసి గుసగుసలాడుకున్నారు. ఇంతలో కల్లంలో నాయనమ్మతో ఏళ్ల తరబడి తొడిమలు తీసిన కోటమ్మ, మిగతా ఆడవాళ్లతో కలిసి లోపలికి వచ్చింది. ఫొటో ముందు ఆగింది. చాలాసేపు చూసింది. "ఎండలో కూర్చున్నావేంటి అత్తమ్మా?" అంది, మామూలుగా పలకరించినట్టే. తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఒక్కసారి ఇటు తిరగమ్మా, చూసుకుంటాం."

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా భోరుమన్నారు. బాబాయి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఎప్పుడూ కుదురుగా కూర్చోని నాన్న, ఆ ఫొటో ఎదురుగా నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపాగలేదు. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు నా కూతురికి పదిహేనేళ్లు. నేను ఫోను ఎత్తితే చాలు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఎంత అందంగా ఉందో, ఎంత త్వరగా మారిపోతోందో చూస్తూ ఉంటే, తీయమని నా చెయ్యి లాగేస్తూ ఉంటుంది. అయినా ఫోను దించేస్తాను. దించినందుకు రోజంతా కొట్టుమిట్టాడుతాను.

నాన్న మొహాలకు మాకు కొదవలేదు. జుట్టు నెరిసినదీ, బుగ్గలు లోపలికి పోయినదీ రోజువారీగా ఉన్నాయి. చూడబోతే మాత్రం మనసు నిలవదు, నాలుగు చూసి మూసేస్తాను. వాటన్నిట్లో ఆయన నావైపే చూస్తుంటాడు. చిన్నప్పుడు మోపెడ్ మీద నన్ను బడికి తీసుకెళ్లిన నాన్న మొహం నాకు కనిపించేది కాదు. పురుగుమందు వాసన పట్టేసిన చొక్కా, ఎండకి కమిలిన మెడ, గాలికి చొక్కా బూరెలా ఉబ్బిన వీపు. ఆ వీపు ఏ ఫొటోలోనూ లేదు. కళ్లు మూసుకుంటే నా చెంపకి తగులుతుంది. "ఇంకెంత దూరం నాన్నా?" అని అడుగుతాను. ఆయన వెనక్కి తిరక్కుండానే అంటాడు, "వచ్చేశాం తల్లీ, గట్టిగా పట్టుకో."