గుడ్ల దొంగ గొంతు

చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే డైనోసార్ల కార్టూన్ ఒకటి టీవీలో వస్తుంది. అందులో గుడ్లెత్తుకుపోయే ఒవిరాప్టర్‌కు తెలుగులో గొంతు నాది. ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన ఉన్న చిన్న స్టూడియోలో డబ్బింగ్. మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేస్తారు. ఒళ్లంతా చెమటతో తడుస్తుంటే కోట్ల ఏళ్ల కిందటి జంతువులా అరవాలి.

డైనోసార్ల లోకంలోనూ మన పద్ధతులే. తల్లి డైనోసార్, టీచర్ డైనోసార్, అంకెలు నేర్పే పొడుగు మెడది, అన్నీ పుస్తకం చదివినట్టు మాట్లాడతాయి. దొంగ ఒక్కదానికే మా తెలంగాణ మాట. దొంగ, రౌడీ, తాగుబోతు, తెలివితక్కువ వెధవ, ఎవరొచ్చినా మా మాటే పెట్టడం మా డబ్బింగ్ వాళ్ల ఆచారం. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు. నన్ను తీసుకున్నదే అందుకు.

"మీ యాస సహజంగా ఉంటుందండీ, పిల్లలు పడీపడీ నవ్వుతారు" అన్నాడు డైరెక్టర్. వాళ్ల తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చాడట. ఈయన పుట్టిందీ పెరిగిందీ బషీర్‌బాగ్‌లోనే. అయినా మా మాట ఆయన చెవికి ఇంకా జోకే.

ఒళ్లు మండేది. కానీ పని వదులుకుంటే ఇల్లు గడవదు. "జర గా గుడ్డు ఇటియ్యవే" అని గొంతు గీరుకునేలా చెప్పేసి, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న కిరాయి ఇంటికి నడిచిపోయేదాన్ని. నాకు నాలుగేళ్ల కూతురుంది. అదీ మా మాటే మాట్లాడుతుంది, నా దగ్గరే నేర్చుకుంది. దాని కోసమైనా ఆ కార్టూన్‌లో ఒక్క మంచి జంతువు నోట మా మాట వినిపించాలని నా కోరిక. పెద్ద కోరికేం కాదు.

ఒకరోజు కొత్త ఎపిసోడ్ కాగితాలు చేతికిచ్చారు. చదువుతుంటే నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. ఒవిరాప్టర్ దొంగ కాదట! దాని ఎముకలు గుడ్ల దగ్గర దొరికితే, ఎవరి గుడ్లనో ఎత్తుకుపోతోందనుకుని శాస్త్రజ్ఞులు దానికి దొంగ పేరు పెట్టారు. తరువాత తేలిందేమంటే, ఆ గుడ్లు దాని జాతివే. కోడిలా గుడ్ల మీద కూర్చుని పొదిగే జంతువు అది. తల్లిని పట్టుకుని ఏళ్ల తరబడి దొంగ అన్నారు. ఈ ఎపిసోడ్‌లో మిగతా డైనోసార్లన్నీ వచ్చి దాన్ని క్షమించమని అడుగుతాయి.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారి పొడుగునా ఆ మాటలు సాధన చేశాను. "గివి నా గుడ్లు. నా పిల్లలు. నేను ఏడికీ వోను." గొంతు దానంతటదే మెత్తబడింది. సంతోషంతో ఏడుపొచ్చింది.

మర్నాడు స్టూడియోకు వెళ్లేసరికి మైకు ముందు ఇంకొకావిడ కూర్చుని ఉంది.

"ఈసారి అది తల్లి కదండీ" అన్నాడు డైరెక్టర్. "తల్లి నోట్లో ఆ యాస పెడితే ఎమోషన్ పండదు. ఈవిడ చెప్తారు."

"గదే జంతువు కద సార్. మొన్నటిదాంక గిట్లనే మాట్లాడింది."

"పిల్లలు అంత పట్టించుకోరండీ."

"తల్లులు గిట్ల మాట్లాడరా సార్? నన్ను పెంచిన తల్లి గిట్లనే మాట్లాడింది. నా బిడ్డతోని నేను గిట్లనే మాట్లాడ్త."

ఆయన నవ్వాడు. "మీరు మరీ మనసులో పెట్టుకోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కొత్త దొంగ వస్తోంది. అది మీకే."

పుండు మీద కారం చల్లి, పైగా మందు రాశానన్న మొహం పెట్టాడు.  ఆ రోజు నన్ను మాట్లాడమన్నవాళ్లు లేరు.

ఎపిసోడ్ టీవీలో వచ్చిన రోజు నేనూ నా కూతురూ చాప మీద కూర్చుని చూశాం. ఒవిరాప్టర్ గుడ్ల మీద రెక్కలు పరిచి, "ఇవి నా గుడ్లు. నేను ఎక్కడికీ వెళ్లను" అంది. ఆవిడ బాగా చెప్పింది, కాదనను.

"అమ్మా, దొంగ ఏడ వోయింది?" అని అడిగింది నా కూతురు.

"గదే బిడ్డా. గుడ్ల మీద కూసున్నది సూడు. గది దొంగ కాదంట."

అది టీవీ వైపు చూసింది, నా వైపు చూసింది, తల అడ్డంగా ఊపింది.

"కాదు. గామె అమ్మ. దొంగ నీ లెక్క మాట్లాడ్తది."