పిట్టకు పెట్టిన ముద్ద

శుక్రవారం ఆరాధనకు బయల్దేరుతుంటే ఫోనొచ్చింది. మా అయ్యగారు కరామాలోని తన గదిలో నిద్రలోనే కన్నుమూశారని. మీలో చాలామందికి ఆయన తెలియరు. దుబాయ్‌లో మా చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి కాపరి. నేను కార్యదర్శిని. ఆయన చేసినవాటిలో సగం నాకు నచ్చేవి కావు.

మా కోస్తా సంఘాల్లో పాస్టరుగారిని అయ్యగారూ అంటాం. సజ్జా లేబర్ క్యాంపులోని తెలంగాణ కుర్రాళ్లకేమో అయ్యగారంటే పెళ్లిళ్లూ దినాలూ చేయించే పంతులు. ఆ సంగతి అప్పట్లో మాకు తెలియదు. వాక్యం చెప్పడానికి మేం వెళ్లగానే మంచాల మీంచి లేచి గోడవారగా నిలబడేవారు. ఎంత మర్యాదో అని నేను మురిసిపోయేవాణ్ణి. ఆయన మాత్రం నేలమీద కూర్చుని ఆవకాయ సీసా మూత తీసేవారు. "ముందు అన్నంలోకి ఆవకాయ, వాక్యం తర్వాత చూద్దాం" అనేవారు. ఆ తర్వాత అనేది చాలాసార్లు వచ్చేది కాదు.

ఒక శుక్రవారం ఓ కుర్రాడు ఆయన చేయి పట్టుకున్నాడు.

"అయ్యగారూ, మా బాపు పోయిండు. కంపెనీల ముదీర్, గా మేనేజరు, సెలవియ్యలే. ఇయ్యాల పిట్టకు పెట్టాలె. జెర మీరే మంత్రం సదువుండ్రి."



"నేను ఆ అయ్యగారిని కాదు నాయనా, నాకు మంత్రాలు రావు" అన్నారాయన. "మీ నాన్నకు నువ్వే పెట్టు. నేను పక్కన నిలబడతాను."

తోటివాళ్లు కుర్రాడికి గుండు గీశారు. కాకి ముడితే తండ్రికి అందినట్టేనని అతను అన్నం ముద్ద ప్రహరీ మీద పెట్టాడు. ఎండ మాడుతోంది, కాకి జాడ లేదు. చాలాసేపటికి ఓ పావురం వచ్చి ముట్టింది. కుర్రాడు ఆయన భుజం మీద పడి ఏడ్చాడు.

తిరుగుదారిలో దెప్పాను. "సంఘంలో తెలిస్తే ఏమంటారండీ?"

"తండ్రి పోయినవాడి పక్కన నిలబడ్డానయ్యా. దానికి సంఘం తీర్మానం కావాలా?"

అలిగి నెల్లాళ్లు క్యాంపుకు వెళ్లలేదు. మళ్లీ వెళ్లేసరికి ఆయన వాళ్లకు కాకా, అంటే బాబాయి, అయిపోయారు, మంచం మీద వాళ్ల మధ్య కూర్చుని ఉన్నారు. నాకు మాత్రం అందరూ లేచి నిలబడ్డారు. ఆ రోజు సిగ్గుపడ్డాను గానీ ఆయనకు చెప్పలేదు. ఇక చెప్పలేను.

ఆయన పోయిన మరుసటి శుక్రవారం జ్ఞాపకార్థ కూడికకు ఆ కుర్రాడు వచ్చాడు, మళ్లీ గీయించుకున్న నున్నటి గుండుతో. చెప్పులు బయట విడిచి చివరి వరసలో కూర్చున్నాడు. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి స్టీలు డబ్బా మూత తీశాడు. అన్నం, పక్కన కొంచెం ఆవకాయ.

"అన్నా, కాకాకు ఏడ పెట్టాలె?"

ఒకప్పుడైతే ఏమనేవాణ్ణో నాకు తెలుసు. వెనక ప్రహరీ దగ్గరికి తీసుకెళ్లాను. ముద్ద అతను పెట్టాడు. నేను పక్కన నిలబడ్డాను. ఇద్దరం పావురం కోసం ఎదురుచూశాం.