రంగు గురించి రాయని వాక్యం

తొంభైల చివర్లో నేను హిందూపురంలో ఒక పట్టుగూళ్ల వ్యాపారి దగ్గర గుమస్తాని. అంతకు ముందు బెంగళూరులో ఏడాదిన్నర జపనీస్ నేర్చుకున్నాను. వచ్చింది గోరంత, పెనుకొండలో మా నాయన చెప్పుకున్నది కొండంత.

ఆ మాటలు నమ్మి, ధర్మవరంలో చీరలు నేసే నాయన స్నేహితుడు, ఊరికొచ్చే బస్సు, తన మగ్గాలు, చీరల సంగతులు రాయించిన ఒక ఇంగ్లీషు కాగితం నా చేతిలో పెట్టాడు. జపాన్ నుంచి పట్టుచీరలు కొనడానికి ఒకావిడ వస్తోంది. ముందుగా ఇది ఆమె భాషలో పంపాలి. ఆర్డరు వస్తే ఆగిపోయిన రెండు మగ్గాలు మళ్లీ ఆడతాయి.

"మొదటిసారి ఉతికితే ఎరుపు కొంచెం దిగుతాది. అది మాత్రం మర్చిపోకుండా రాయప్పా" అన్నాడు.

కాగితంలో 'రన్' అనే క్రియ నాలుగు చోట్ల ఉంది: బస్సుకు, మగ్గానికి, వ్యాపారానికి, రంగుకు. నిఘంటువులో మొదట కనబడిన 'హషిరు', అంటే పరిగెత్తడం, అన్నిచోట్లా పెట్టేశాను. ఇంటికి పోయే రైల్లో చదువుకుంటే ఒళ్లు జలదరించింది. బస్సుకు సరే, మగ్గానికి కాళ్లొచ్చి పరిగెత్తుతోంది! మనం మాత్రం అలా అంటామా? ముందు మన ఇంట్లో ఏమంటామో అనుకుని, తర్వాత జపాన్ మాట వెతికాను. మగ్గానికి 'ఉగొకు', కదలడం. ఇంటిల్లిపాదీ చేసే వ్యాపారానికి 'ఇతొనము', నడుపుకోవడం.

రంగు దగ్గర ఆగిపోయాను. 'నగరెరు' అంటే నీళ్లలా పారడం. 'ఒచిరు' అంటే పడిపోవడం. బట్టల రంగుకు ఇదే వాడతారని పుస్తకంలో ఉంది. కానీ చీర మొత్తం వెలిసిపోతుందని ఆవిడ అనుకుంటే? ఆర్డరు పోతే ఆ ఇంటి ఉసురు నాకు తగలదా? మూడు రోజులు ఆ వాక్యం రాసి కొట్టేస్తూ వచ్చాను. చివరికి ఆ వాక్యమే తీసేసి కాగితం పంపించాను. ఆయనకు చెప్పలేదు.

ఆవిడ వచ్చిన రోజు ధర్మవరంలో ఆయన ఇంట్లో, మాటలు అటూ ఇటూ చెప్పడానికి నేను పక్కనే కూర్చున్నాను. చీరలు ఆవిడకు బాగా నచ్చాయి. అప్పుడు ఆయన, ఎవరు కొనడానికి వచ్చినా చేసినట్టే, చీర కొంగు తడిపి తన తెల్లపంచె మీద రుద్ది చూపించాడు. ఎర్రటి మరక పడింది.

ఆవిడ సంచిలోంచి నా కాగితం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. "ఈ సంగతి ఇందులో లేదేం?" అని నన్నడిగింది.

"ఏమంటాండాదప్పా ఆయమ్మ?" అన్నాడు ఆయన నవ్వుతూ.

అక్కడ రెండు భాషలూ తెలిసింది నాకొక్కడికే. ఏం చెప్పినా చెల్లుతుంది. అది తట్టగానే ఇంకా భయమేసింది.

"నువ్వు రాయమన్నది నేను రాయలేదు మామా. ఎందుకు లేదని అడుగుతాండాది."

ఆయన నవ్వు ఆగిపోయింది. "దాచింది నేను కాదని చెప్పు ఆయమ్మకు" అన్నాడు.

దాచింది నేనేనని చెప్పాను. రంగు సంగతి ఆయనే చూపించాడు కదా అని ఆవిడ ఆర్డరిచ్చింది. ఆ తర్వాత జపాన్ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒక్కటీ చదివించుకోవడానికి ఆయన నా దగ్గరికి తేలేదు.