మేనత్త కోవాలో ఎవరి క్రిమి

వాంతులతో మొదలయ్యే కథను ఎవరూ సంబరంగా చెప్పరు. నేను చెప్తాను. చెప్పే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ రోజు వాంతులు చేసుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

మా అన్న కూతురి తొట్టెల, అదే, పాపను ఉయ్యాల్లో వేసే వేడుక. సంగారెడ్డిలో మా ఇంటి మేడ మీద షామియానా వేశారు. ఎండాకాలం, మధ్యాహ్నం భోజనాలు. విస్తరి మీద చివరగా మా మేనత్త చేసిన కోవా వడ్డించారు. తిన్నవాళ్లంతా ఆహా అన్నారు, మూడు గంటలు తిరక్కుండా ఒక్కొక్కరే మేడ దిగడం మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్నవి రెండే బాత్రూములు. పెద్దమనుషులు కూడా వరస మరిచి తోసుకున్నారు. సాయంత్రానికల్లా అందరూ తేరుకుని చాపల మీద వాలిపోయి నిమ్మకాయ నీళ్లు తాగుతుంటే, తొట్టెలలో పాప ఒక్కతే కాళ్లాడిస్తూ నవ్వుతోంది.

తప్పు కోవాదేనని పట్టుకోవడానికి చదువు అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లందరూ నిక్షేపంగా ఉన్నారు. మా వదిన వాళ్ల నాన్నకు ఆ జబ్బు జీవితంలో మొదటిసారి అక్కరకొచ్చింది.

మా మేనత్త ఉండేది మాకు రెండు సందుల అవతల. కొడుకు బజారులో కిరాణా దుకాణం నడుపుతాడు. ఆమె కోవా ఎన్నడూ అమ్మలేదు. చుట్టాలిండ్లలో శుభకార్యమంటే పాలు తెప్పించి ఆమెకు కబురు పెట్టడమే. ముందురోజు పొద్దున్నుంచి పొయ్యి దగ్గర కూర్చుని కలుపుతూనే ఉంటుంది. దించాక గోరువెచ్చగా ఉన్నప్పుడు అరచేతి కింది భాగంతో మెదుపుతుంది. గరిటె ముట్టనివ్వదు. తర్వాత పల్చటి బట్ట కప్పి రాత్రంతా బల్ల మీద ఉంచుతుంది. ఫ్రిజ్‌లో పెడితే కోవా బిగుసుకుపోయి అచ్చు పడదని ఆమె పట్టు. ఆమె చేతివాసి అంత మంచిదని ఊళ్లో పేరు.

తొట్టెల తర్వాత ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. “వయసైపోయింది గద, పాపం” అన్నారు. తర్వాతి నిశ్చితార్థానికి అందరూ మర్యాదగా స్వీటు డబ్బాలు కొనుక్కొచ్చారు. అత్తమ్మ తన పెద్ద కళాయిని కడిగి, ఆరబెట్టి, సజ్జ మీద పెట్టించింది. “నా చెయ్యి పోయిందే బిడ్డా” అంది నాతో, గాజు పగిలిందని చెప్పినంత మామూలుగా. ఆ మాట అక్కడితో వదిలేయడం నా వల్ల కాలేదు.

ఎందుకంటే ఇది నా పనే. పటాన్‌చెరు దగ్గర ఒక ప్రయోగశాలలో నేను చేసేదంతా స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాతోనే. పుండ్లలో చీము పట్టించేది, తిండిలో చేరి ఇలా వాంతులు చేయించేది ఇదే. చాలామంది ముక్కుల్లో ఏ హానీ చేయకుండా కాపురముంటుంది కూడా. అన్నీ ఒకటి కావు. మా ఇండ్లలో సంబంధం మాట్లాడేటప్పుడు ముందు గోత్రం అడిగినట్టు, నేను దీని జన్యురకం అడుగుతాను. కొన్ని రకాల్లో విషం తయారుచేసే జన్యువులు వంశపారంపర్యంగా కనిపిస్తాయి, కొన్నింటిలో అసలుండవు. జన్యువు ఉన్నంత మాత్రాన విషం తయారవుతుందనీ లేదు. ఒకటి కుండెడు చేస్తుంది, దాని దాయాదే చెంచాడు కూడా చేయదు. అందుకే గోత్రం చూశాక గుణం కూడా విడిగా పరీక్షించాలి.

మా ఫ్రిజ్‌లో ఎవరూ పారేయని ఒక డబ్బాలో నాలుగు కోవా బిళ్లలు మిగిలాయి. వాటిని తీసుకెళ్లాను. తర్వాత దూది చుట్టిన పుల్లలు పట్టుకుని చుట్టాలిండ్లు తిరిగాను. వడ్డించిన బావ ముక్కులో, పాలు మోసిన అన్న ముక్కులో, విస్తరులు వేసిన వదిన చేతుల మీద, ఒక్కరినీ వదలలేదు. “నీ చదువు చివరికి గిక్కడికొచ్చిందా?” అని బావ ముక్కు పైకెత్తి కూర్చుని నవ్వాడు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. పుల్ల తీశాక, “దొరికితే దొరికిందని చెప్పు. నా దగ్గర దాచకు” అంది.

దొరికింది. ఆమె ముక్కులోనూ అరచేతిలోనూ ఆ బ్యాక్టీరియా ఉంది. ఇంకొకరైతే అక్కడితో కాగితం మీద రాసి మూసేసేవాళ్లు. నేను జన్యురకం చూశాను. కోవాలోది ఒక రకం, విషం జన్యువుతో సహా. విషం పరీక్షలో కూడా పాజిటివ్‌గా తేలింది. అత్తమ్మది పూర్తిగా వేరే రకం. అందులో ఆ జన్యువు లేదు, విషమూ లేదు. అంత సాధువైన బ్యాక్టీరియాను నేను ఆ ఏడు చూడలేదు.

పటాన్‌చెరు బస్టాపులో నిలబడే ఫోన్ చేశాను. లారీల మోతలో అరిచి చెప్పాను.

“అత్తమ్మా, నీ చెయ్యి తప్పు లేదు. కోవాల ఉన్నది నీది కాదు.”

అత్తమ్మ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. “మరి ఎవలది?”

“జెర ఆగు, అది గూడ చెప్త” అన్నాను గొప్పగా. బస్సెక్కి కూర్చున్నాక ఆ గొప్ప దిగింది. నేను పుల్ల పెట్టి నమూనా తీసుకున్నవాళ్లలో ఎవరిదీ కోవాలోదానితో కలవలేదు. అసలు కోవాను చేత్తో మెదిపింది ఎవరెవరు? ఆ రోజు అత్తమ్మకు మోకాలు నొప్పిగా ఉంటే, సగం ఇంకొకరు మెదిపారు. ఆ ఇంకొకరు ఊరందరి ముక్కులూ వెతికి, తన ముక్కు మరిచిపోయారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

మర్నాడు ప్రయోగశాలలో పెద్దగా కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది. పని నేర్చుకునే రోజుల్లో మేమందరం మా ముక్కుల నుంచే మొదటి బ్యాక్టీరియా తీసి పెంచుతాం. నాది ఇంకా ఫ్రీజరులో ఉంది. తీసి పోల్చాను. కోవాలోదీ నాదీ ఒకే రకం. అదే విషం జన్యువు. రకం కలిసినంత మాత్రాన కోర్టులో ఒట్టు పెట్టి చెప్పలేమని నాకు తెలుసు. కానీ నా బొటనవేలు వైపు చూసుకున్నాను. ఆ వారం నాకు గోరుచుట్టు లేచింది. ప్రయోగశాలలో దాని మీద రెండు జతల గ్లౌజులు వేసుకున్నదాన్ని, ఇంటికొచ్చి పసుపు పట్టించి కోవా మెదిపాను. అత్తమ్మ ముందు గ్లౌజులు వేసుకుంటే ఆమెను అనుమానించినట్టుంటుందని సిగ్గుపడ్డాను. మిగతా పని బల్ల మీద రాత్రి ఉక్కపోత చేసింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మ తప్పు లేదని తేలింది కదా, చాలదా అని నాకు నేనే వకీలునయ్యాను. చాలదు. ఎవరిదో తెలియనంత కాలం జనం మళ్లీ ఆమె చేతి వైపే చూస్తారు. ఆమె కూడా చూసుకుంటుంది. ఆదివారం పొద్దున కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఉన్నదున్నట్టు రాసి పెట్టి, జవాబులు చూసే ధైర్యం చాలక ఫోన్ సంచిలో పడేసి అత్తమ్మ ఇంటికి వెళ్లాను.

ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. గోరుచుట్టు, గ్లౌజులు, ఫ్రీజరు, అన్నీ. ఆమె నా బొటనవేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఎంత నవ్విందంటే ఒలిచిన గింజలన్నీ ఒడిలోంచి నేల మీదికి జారాయి.

“గీ యేలా? గింత యేలు మా అందరిని పరేషాన్ చేసిందా?”

నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అంది. “ఎవలకు చెప్పకు. నౌకరీ చేసేదానివి, నలుగురు నవ్వుతరు. నా మీదనే ఉండనీ, నాకేమైతది.”

“చెప్పిన అత్తమ్మా. పొద్దుగాలనే అందరికి రాసిన.”

అదే సమయానికి ఆమె కోడలు వంటింట్లోంచి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. గ్రూపంతా నా ముక్కు మీదే పడింది. ఇకమీద శుభకార్యాలకు నన్ను ముక్కుకు తాళం వేసి పిలవాలని బావ రాశాడు. మా వదిన వాళ్ల నాన్న, షుగర్ పక్కన పెట్టి, వచ్చే పెళ్లికి కోవా అత్తమ్మే చేయాలని రాశాడు. కోడలు ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంటే అత్తమ్మ ప్రతిదాన్నీ రెండోసారి చదివించుకుంది. అన్ని తిట్లు తిని అంత సంతోషపడిన రోజు నాకు మరొకటి లేదు.

అన్నానికి కూర్చున్నాం. కోడలు మాకు పళ్లేలు పెట్టి, అత్తమ్మ పళ్లెం పక్కన ఒక చెంచా పెట్టింది. నేను చెంచా వైపు చూడటం గమనించి నా చెవి దగ్గర చెప్పింది.

“తొట్టెల అయినప్పటి సంది గంతే. చెయ్యి పెడితే అన్నం గూడ ఖరాబైతదంటది.”

కలిపిన ముద్ద పళ్లెంలోనే పెట్టేశాను. మూడు నెలలుగా నేను ఆ ఇంటికి వస్తూ పోతూ, ఆమె ముక్కులో ఏముందో చూశాను గాని, ఎట్లా తింటోందో చూడలేదు.

అత్తమ్మ మా మాటలు వినలేదో, విననట్టున్నదో. చెంచాను పక్కకు జరిపింది. లేచి చేతులు కడుక్కుని వచ్చింది. పప్పు పోసుకుని, నెయ్యి వేసుకుని, వేళ్లన్నీ ముంచి తీరుబడిగా కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, కోడలి వైపు తిరిగింది.

“పప్పుల ఉప్పు తక్కువున్నదే.”

“రోజు గంతే ఏస్తున్న గద అత్తమ్మా” అంది కోడలు. “ఇన్ని దినాలు బాగనే ఉన్నదంటివి.”

“ఇన్ని దినాలు నేను అన్నం తిన్ననా బిడ్డా?” అంది అత్తమ్మ, రెండో ముద్ద కలుపుకుంటూ.