మాస్టారి చింతపిక్కల బురద

ఏలూరులో మాకు కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు మొన్న సోమవారం పొద్దున కాలం చేశారు. తాడేపల్లిగూడెంలో నేను పాఠం చెబుతుండగా కబురు వచ్చింది. క్లాసు వదిలేసి రైలెక్కాను.

మర్నాడు స్కూల్లో సంతాపసభ పెట్టారు. ఒక పెద్దమనిషి లేచి, "పాపం, మేధావి. చింతపిక్కల వెంట పడి జీవితం వృథా చేసుకున్నారు" అని కూర్చున్నాడు. నలుగురూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. సభామర్యాద కోసం అక్కడ నోరు మూసుకున్నాను గాని, ఇక్కడ మూసుకోను.

పెట్రోలు కోసం నూనెబావి తవ్వేటప్పుడు గొట్టంలోంచి లోపలికి బురద పంపుతూనే ఉండాలి. తవ్విన మట్టిని పైకి మోసుకొచ్చేదీ, బావి గోడ కూలిపోకుండా పట్టి ఉంచేదీ ఆ బురదే. అందులోని నీరు ఇంకిపోకుండా, మరీ గట్టిపడకుండా కొన్ని పొడులు కలుపుతారు. అవన్నీ ఓడల్లో పైదేశాల నుంచి వస్తాయి. ఆ సంగతి ఎక్కడో చదివిన రోజునుంచి మాస్టారికి నిద్ర లేదు. మన చెట్లు ఏం పాపం చేశాయని ఆయన కోపం.

ఆ పొడులకు బదులు నూకల గంజి పనికొస్తుందని ఎవరో సలహా ఇస్తే కసురుకున్నారు. "గంజికే కరువైన దేశంలో నూకలు నూతిలో పోస్తారటండీ? చింతపిక్కలైతే ఎవరి కంచంలోదీ లాక్కున్నట్టు కాదు!" ఇక అమ్మగారి వంటిల్లు ఆయన లాబొరేటరీ అయిపోయింది. మాస్టారి భార్యను మేమంతా అమ్మగారు అనే పిలిచేవాళ్ళం. పిక్కలు వేయించడం, పొట్టు తీయడం, దంచడం, ఆవిడ పాత చీర ముక్కలో జల్లించడం, అన్నీ అక్కడే.

మొదటిసారి పిండిని కాలవనీళ్ళతో ఉడికించి, డబ్బాకు మూత బిగించి, అస్సాంలో నూనెబావులు తవ్వే ఒక కంపెనీకి రైల్లో పంపారు. మండువేసవి. "నిన్నటి గంజి ఇవాళ్టికి పులిసిపోతుంది కదండీ, అన్నాళ్ళు ఉంటుందా?" అని అమ్మగారు అడిగితే, "ఇది గంజి కాదే, కెమిస్ట్రీ!" అన్నారు. కంపెనీవాళ్ళు జవాబు రాశారు. డబ్బా తెరిచిన గది కడిగించాల్సి వచ్చిందట, ఇంకెప్పుడూ పంపవద్దట. ఊళ్ళో ఆయనకు పులుసు మాస్టారు అని పేరు పడింది. ఆయన మాత్రం ఆ జవాబును మా క్లాసులో పైకి చదివి, "కుళ్ళింది అన్నారు గాని పనికిరాదు అనలేదు. రెండూ ఒకటి కాదు. రాసుకోండి" అన్నారు.

తరవాత ఆయన మకాం కొల్లేటి ఒడ్డుకు మారింది. వలలు నీళ్ళలో నాని కుళ్ళిపోకుండా అక్కడివాళ్ళు తుమ్మచెక్క కాచిన ఎర్రటి నీళ్ళలో ముంచుతారు. మాస్టారు సెలవు రోజల్లా ఆ కాగు పక్కనే కూర్చునేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. వల ముంచుతున్న పెద్దాయన నవ్వాపుకోలేకపోయాడు. "మేం వలలు ముంచుతావండి. తవరేటండీ, బురద ముంచుతారా?"

"బురదేనండీ. నీళ్ళలో మీ వల కుళ్ళనప్పుడు డబ్బాలో నా పిండి ఎందుకు కుళ్ళాలి?"

తుమ్మచెక్క కషాయంలో కొల్లేటి గుల్లసున్నం కలిపి, అందులో పిక్కల పిండి వేసి చూశారు. ఎన్ని కుండలు పాడయ్యాయో అమ్మగారికే తెలుసు. చివరికి ఒకటి కుళ్ళకుండా నిలిచింది. నల్లజర్ల దగ్గర ఇసక జారిపోయి నీళ్ళ బోరు పూడిపోతుంటే, అది మట్టిలో కలిపిన బురద బండి మీద తోలుకెళ్ళి పోయించారు. బోరు గోడ కదల్లేదు. "ఇంకో పీపా ఉందాండీ?" అని మేస్త్రీ అడిగాడు. ఆ మాట చెప్పేటప్పుడల్లా మాస్టారి మొహం వెలిగిపోయేది.

అస్సాం కంపెనీకి మళ్ళీ రాశారు. ఒక్కసారి, ఒకే ఒక్క బావిలో వాడి చూడమన్నారు. ఆయన పోయేనాటికి కూడా జవాబు రాలేదు. ఒక్క అవకాశం ఇవ్వనివాళ్ళను వదిలేసి, అడిగినాయన జీవితం వృథా అంటారా? నేను ఒప్పుకోను.

సభ నుంచి సరాసరి మాస్టారింటికి వెళ్ళాను. పెరట్లో మూత పెట్టిన తొట్టి చుట్టూ బంధువులు నిలబడి ఉన్నారు. మాస్టారు వేసవి మొదట్లో కలిపి ఉంచిన బురద అది. ఇప్పుడు వానలు పడుతున్నాయి. "కర్మలకు నలుగురూ వస్తారు. కంపు కొడుతుందమ్మా, పారబోయించు" అంటున్నారు.

అమ్మగారు మూత తీశారు. మోచేతి దాకా చెయ్యి ముంచి పైకి తీసి, ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టారు. "చూడండి. కంపు ఎక్కడుందో చెప్పండి."

తడిసిన సున్నం వాసన, చెక్క వాసన. అంతే.

ఆవిడ నావైపు తిరిగారు. "ఆ కంపెనీ అడ్రసు నీకు తెలుసుగా నాయనా. ఓ డబ్బా పట్టుకురా."

ఎవరో చెయ్యి కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చారు. ఆవిడ అందుకోలేదు. నేను డబ్బా తెచ్చేదాకా ఆ ఎర్రటి చేత్తోనే తొట్టి పక్కన నిలబడ్డారు.