వ్యాజ్ కేసులో ముద్దాయిని

సూరత్‌లో నేనొకసారి రెండు రోజులు పోలీసులకు దొరక్కుండా తిరిగాను. వాళ్లు నన్ను వెతకలేదనుకోండి, అది వేరే సంగతి. పరువు పోయిన వైనం మొత్తం చెబుతాను, మీరు కడుపుబ్బా నవ్వుకోండి.

గోడాదరాలో మేం ఒక గది, వంటిల్లు ఉన్న ఫ్లాటు కొన్నాం. లోను మీద మొదటి మూడేళ్లూ తక్కువ వడ్డీ, అది మారదు. "తర్వాత పెరుగుతదట" అని మా ఆవిడ సుజాత ఏడాది ముందునుంచే ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టే పని పట్టింది. నేను మాత్రం ఎంత పెరుగుతుంది, ఎందుకు పెరుగుతుంది, అసలెవరు పెంచుతారు అని కనబడ్డవాళ్లనల్లా అడుగుతూ తిరిగాను. తెలుసుకోవాలనే దురద నాకు పుట్టుకతో వచ్చింది. దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నదీ ఆ దురదతోనే. అక్షరాలు వచ్చాయి గానీ, మాటలు రాలేదు.

ఒకరోజు బ్యాంకు నుంచి గుజరాతీలో ఉత్తరం వచ్చింది. కూడబలుక్కుని చదివాను. "వ్యాజ్... ఫేర్‌ఫార్... తారీఖ్..." వ్యాజ్యం! నా మీద! సుజాత భయపడుతుందని ఉత్తరం జేబులో కుక్కుకుని, మగ్గాల కార్ఖానాలో నా పక్కన పనిచేసే రాజేశం దగ్గరికి పరుగెత్తాను. ఊళ్లో భూమి తగాదాతో కోర్టు చుట్టూ తిరిగి తిరిగి వాడు సగం వకీలయ్యాడు.

"వ్యాజ్ అంటే వ్యాజ్యమే బావా. ఇంకేముంటది?"

"మరి గీ ఫేర్‌ఫార్ ఏందిరా?"

"ఫరార్! నువ్వు ఫరారైనవని రాసిండ్రు."

"నేను యాడికి పోయిన్రా? పొద్దంతా నీ పక్కనే ఉంటి గద!"

"గదే తప్పు. ఫరార్ అని రాసినంక గిట్ల కండ్ల ముందట తిరుగుతరా? జర తెలివుండాలె బావా. తారీఖు శుక్రవారం ఉన్నది. అందాక నా రూముల ఉండు. ఆ దినం నీ అంతట నువ్వే హాజరైతే జర మెత్తబడతరు."

మీరు నవ్వుతున్నారు. నాకు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది. ఎనిమిది మందిమి ఒక్క గదిలో పడుకున్న రోజుల తర్వాత దొరికిన ఇల్లది. మూడేళ్లు తక్కువ వడ్డీతో సుఖపడ్డందుకు ఇప్పుడు లాక్కుంటారు గాబోలు అనుకున్నాను.

సుజాతకు డబల్ షిఫ్టు పని పడిందని ఫోన్లో చెప్పాను. పోలీసులు జాడ పట్టకుండా ఆ ఫోను ఆపేసి నవాగామ్‌లో రాజేశం గదిలో దాక్కున్నాను. శుక్రవారం పొద్దున వాడి దగ్గరే రెండు జతల బట్టలు, ఒక దుప్పటి అడిగి సంచిలో పెట్టుకున్నాను. జైల్లో చలి ఉంటుందట. ఉత్తరం మీద కోర్టు చిరునామా లేదు, బ్యాంకుదే ఉంది. సరే, అక్కడే లొంగిపోదామని వెళ్లాను.

లోన్ల మేడమ్ ముందు చేతులు జోడించాను. "మేడమ్, మై హాజిర్ హూఁ. మై ఫరార్ నహీఁ హూఁ!"

ఆమె నన్ను చూసింది, సంచిని చూసింది, ఎదురు కుర్చీలో ఉన్న ఆడమనిషి వైపు తిరిగింది. "బెన్, యహీ హై క్యా?"

ఆ కుర్చీలో సుజాత! ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"ఈయన్నే మేడమ్!" అని లేచింది. "యాడ సచ్చినవయ్యా రెండు దినాలు? కార్ఖానకు పోతే పనికే వస్తలేడన్నరు!"

"నా మీద కేసు..."

"కేసా? నా పేరు మీద గూడ ఉత్తరం అచ్చింది. పక్కింటి గుజరాతీ బెన్ చదివింది. వ్యాజ్ అంటే వడ్డీ, ఫేర్‌ఫార్ అంటే మారుడు. జర పెంచి ఇంకో రెండేండ్లు ఒక్కతీరుగ ఉంచుతరట. ఇయ్యాల్నే ఆఖరు. ఇద్దరి సంతకాలు కావాల్నట!"

కార్ఖానాలో వడ్డీని హిందీలో "బ్యాజ్, బ్యాజ్" అని రోజూ అరిచే నోరు నాది. అది కాగితం మీద కాస్త వేషం మార్చుకుని వస్తే గుర్తుపట్టలేకపోయాను.

మేడమ్ నవ్వు ఆపుకుంటూ ఒక కాగితం నా వైపు తిప్పింది. నా సంతకానికి నాలుగు రోజులు గడువివ్వమని సుజాత చెప్పి రాయించిన అర్జీ. కారణం అన్నచోట ఉన్నది కూడబలుక్కుని చదివాను. ఈసారి ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"పతి ఫరార్."

మేడమ్ దాన్ని కొట్టేసింది. నేను సంతకం పెట్టాను. అక్కడే, జైలు దుప్పటి చంకలో పెట్టుకుని ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఏ భాషలో ఉత్తరం వచ్చినా, విప్పకుండా సుజాత చేతిలో పెడతాను. సంతకం ఎక్కడ పెట్టాలో ఆమె వేలు పెట్టి చూపిస్తే, ఆ ఒక్క గీత మాత్రం నేను చదువుకుంటాను.